బడి విడిచిన కారణం

నూట పాతికేళ్ల పండగకు పుస్తకం వేస్తున్నారట.
"ఒకటిన్నర పేజీ చాలు సార్, బడి చరిత్ర" అన్నాడు హెడ్మాస్టరు.
ముప్పై ఏళ్లు ఈ గోడల మీద రాజుల బొమ్మలు గీసినవాణ్ణి,
రాజులు లేని చరిత్ర ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తెలీక
మద్దిలేటిని రికార్డు రూము తాళం అడిగాను.

తాళమెందుకన్నాడు.
వరదప్పుడు తలుపు తుంగభద్రలో కలిసిపోయింది,
అప్పట్నుంచీ గోనెపట్టా ఒకటి వేలాడుతోంది.

లోపల ఇంకా బురద వాసన, ఏడేళ్లయినా.
రిజిస్టర్లు ఉబ్బి, నాపరాయి అరల మీద
రెండ్రోజుల జొన్నరొట్టెల్లా పెళుసెక్కి ఉన్నాయి.
"నేనే ఎండబెట్టినా సార్, మిద్దె మీద, పదైదు దినాలు.
మా ఇంట్లో నానిన బియ్యం అట్లనే ఇడిసిపెట్టి."

మొదటి పుటలో ఏ దొరదో రాత, వంకర లేని నల్లసిరా.
పదకొండు మంది. కరణాల పిల్లలు, ఒక సాహుకారు కొడుకు,
గుర్రాలకు లాడాలు కొట్టే జబ్బార్ మియా మనవడు.
పన్నెండో వరసలో పేరు ఉంది, పక్కన
"వరండా" అని ఒక్క మాట.
చాలాసేపు తట్టలేదు.
తట్టాక బయటికొచ్చి వరండా బండ చూశాను.
ఒకచోట అరిగి ఉంది, రోటి గుంటలా.

పేర్ల కంటే చివరి గడి నన్ను కూచోబెట్టింది:
బడి విడిచిన కారణం.
ప్లేగు.
తండ్రి కాలం చేసినాడు.
పెండ్లి. పెండ్లి. మగపిల్లకాయలకే.
ఫీజు పదైదణాలు బాకీ.
జెండా పట్టినందున తొలగించడమైనది,
ఆ కిందనే వేరే సిరాతో, వేరే ఏడాది,
తిరిగి చేర్చుకొనడమైనది.
గంజి కేంద్రానికి పోయినాడు.
రాజధాని వచ్చిన మూడేళ్లూ ఎవరూ ఏమీ రాయలేదు:
మా గదుల్లో గుమాస్తాలు కూచుంటే
డేరా నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ చదివారట పిల్లలు.
ఆ తర్వాత
గుంటూరుకు, మిరపకాయలు కోయను.
గుంటూరుకు. గుంటూరుకు.
రాసే చేతికి విసుగొచ్చి చుక్కలు పెట్టింది.
పుటంతా చుక్కలే, దుమ్ములో తొలకరి పడ్డట్టు.

నిన్న పొద్దున ఉశేనమ్మ వచ్చింది,
పింఛనుకు వయసు కాయితం కావాలని.
"ఆరో తరగతి రొండు నెల్లు చదివినా నాయనా, ఈడనే."

ఆమె పుట దొరికింది. పుటలో ఏమీ లేదు,
పారిన నీలం, ఒక నత్తగుల్ల.
మద్దిలేటి తల గోక్కున్నాడు.
ఎదుటి పుట మీద మాత్రం, తడిలో ఒత్తుకుని,
పేర్లన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి,
గోడవైపు నిలబడమని ఎవరో శిక్ష వేసినట్టు.

గడ్డం గీసుకునే అద్దం తెచ్చాడు మద్దిలేటి.
అంచు పగిలిన ఆ అద్దంలో
ఒక్కొక్కరే మావైపు తిరిగారు.
బోయ ఉశేనమ్మ. తండ్రి పెద్ద ఉరుకుందు, బండలు కొట్టే పని.
పుట్టిన తేదీ జూలై ఒకటి.
మా బడిలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు,
ఏ సారు చేర్చుకుంటే ఆ సారే కన్నాడు.

"ఆ కడాది గూడ సదువు" అంది.
చదివాను: తెలియదు.

ఆమె నవ్వింది.
"యాల తెల్దు?
తమ్ముడు పుట్న్యాడు. మాయమ్మ కూలికి పాయ.
ఉయ్యాల ఊపను నేను గాక ఎవురుండ్రి?
రాసుకో."

రిజిస్టరు దిద్దే అధికారం నాకు లేదు,
పదవి దిగినవాణ్ణి, బొమ్మల సారును.
మద్దిలేటి కిటికీ వైపు చూశాడు.
నీలం మరకలో కాస్త తెల్లగా ఉన్నచోట
ఆమె చెప్పినట్టే, ఆమె మాటల్లోనే రాశాను.

సాయంత్రం హెడ్మాస్టరు ఫోను:
"ఎంతవరకు వచ్చింది సార్?"
ఒక గడి నిండింది, అన్నాను.