ఇరవై రెండు గంటల రోజు

బాండుంగ్‌లో, మెట్లు దిగితే వచ్చే గదిలో
ఎర్రదీపం వేసుకుని పనిచేస్తాను.
ఎరుపు దానికి చీకటే.
నీలం ఒక్క చుక్క పడితే చాలు
తెల్లారిందనుకుంటుంది బూజు.
అందుకే ఫోను బయట బుట్టలో వదిలి వస్తాను.

గాజుగొట్టంలో ఈ కొసన నాటితే
ఆ కొసకు పాకుతూ పోతుంది, వారం రోజుల దారి.
నడక ఆపకుండానే రోజుకోసారి లేచి
నారింజరంగు పొడి విదిలిస్తుంది.
లేచిన చోటల్లా ఒక చార.
స్కేలు పెట్టి కొలుస్తాను:
చారకీ చారకీ మధ్య ఇరవై రెండు గంటలు.
సూర్యుణ్ణి ఎన్నడూ చూడనిది
సూర్యుడికంటే రెండు గంటలు ముందుంటుంది.

మా నాన్న ఓయో దీన్ని చెక్కమీద పెంచుతాడు.
నూనె పిండగా మిగిలిన వేరుశనగ చెక్క
నానబెట్టి, ఆవిరిపెట్టి, వెదురు తట్టల్లో పరిచి
నిన్నటి ఓంచోమ్ పొడి చల్లి అరటాకు కప్పుతాడు.
వేకువన ఆకు ఎత్తి, వేలితో ముట్టి
"లేచింది" అంటాడు.
జన్యువుల సంగతి తెలీదు. సంత వేళ తెలుసు.

ఒక ఆదివారం ఆయన్ని గదిలోకి తీసుకొచ్చాను.
ఇది మామూలుది.
ఇది, ఒక జన్యువులో ఒక్క అక్షరం మారినది,
ఇరవై తొమ్మిది గంటలకు గాని దీనికి రోజు తిరగదు.
"మన మంగలి దడాంగ్," అన్నాడు,
"ఏరోజూ నిన్నటి వేళకు కొట్టు తియ్యడు."
ఇది పదహారు గంటలది:
మనం రెండుసార్లు నిద్రలేచేలోగా
మూడుసార్లు లేస్తుంది.
"మీ మేనత్త."

ఎట్లా, అని అడిగాడు.
ఎర్రటి మసకలో చేతులతో చెప్పాను:
జన్యువు ఒక ప్రోటీన్ని కంటుంది.
అది పెరిగి, తిరిగి ఇంటికొచ్చి
కన్న నోటినే మూస్తుంది.
ఇక పుట్టుకలు లేవు.
కానీ దాని ఒంటిమీద ఫాస్ఫేట్ చుక్కలు
ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి,
పడి పడి చివరికి కూలుతుంది.
మూసిన చెయ్యి జారిపోతుంది.
నోరు మళ్లీ తెరుచుకుంటుంది.
ఆ ఆలస్యమే రోజు.

నాన్న ఆఖరి గొట్టం దగ్గర ఆగిపోయాడు.
అందులో ఆ జన్యువే లేదు.
చారలు లేవు.
ఈ కొస నుంచి ఆ కొసదాకా
తెరిపి లేని పొడి.

"ఇది బతికుందా?"
"ఉంది. మిగతావాటిలాగే పాకుతోంది."
"తింటుందా?"
"తింటుంది."
గాజుమీద వేలు పెట్టాడు, తట్టల్లో పెట్టినట్టే.
పెట్టి, ఏమీ అనకుండా తీసేశాడు.

మెట్లెక్కితే ఎండ.
ఇద్దరం కళ్లు చిట్లించాం.
వాచీ లేని చేత్తో నుదురు తుడుచుకుని
"తట్టలు తిప్పే వేళయింది, నినింగ్, పద"
అన్నాడు.