తీసేసిన మాట

మాకు తీర్పు చెప్పే బల్ల లేదు,
ఓటేసే చెయ్యి లేదు.
ఎడిన్‌బరోలో మూడో అంతస్తు,
ఐదుగురు కమిషనర్లు, మూలిగే హీటరు,
గోడ నిండా పాత చట్టాలు.
మంత్రిగారు జీతాలిస్తారు.
ఏం రాయాలో చెప్పరు,
రాసింది చేస్తామని మాటా ఇవ్వరు.

ఆ ఏడు మా ముందున్న ప్రశ్న:
పెళ్లి లేకుండా కలిసి బతికినవాళ్లలో
ఒకరు పోతే ఇల్లు ఎవరిది?
ముసాయిదా టైపు చేసింది నేనే.
"మూడేళ్లు నిరంతరంగా కలిసి నివసించిన వ్యక్తి."
నిరంతరంగా. ఎంత నున్నటి మాట!
ఎన్నిసార్లు తడిమినా ముల్లు తగల్లేదు.

న్యాయవాదుల సంఘాలు పేజీలకు పేజీలు రాశాయి.
బ్యాంకులు మర్యాదగా దగ్గాయి.
షెట్లాండ్‌లో చేపల రేవు పక్కన హాలు తీసుకుంటే
వచ్చింది పదకొండు మంది,
అందులో ఇద్దరు వాన తగ్గేదాకా.

వెనక వరసలోంచి ఓస్లా మోవట్ లేచింది,
చేతిలో సగం అల్లిన మేజోడు.
"మాగ్నీ సరుకు ఓడలో వంటవాడు.
ఏడాదికి తొమ్మిది నెలలు నీళ్ల మీదే.
ఇరవై ఆరేళ్లు.
ఇంటి బూట్లు మాత్రం తలుపు దగ్గరే ఉండేవి,
వారం వారం నూనె రాసేదాన్ని.
మీ లెక్కలో మేం కలిసి ఉన్నట్టా, లేనట్టా?"

ఎవరూ నోరెత్తలేదు.
ఆమె కూర్చుని
తప్పిన కుట్లు మళ్లీ లెక్కపెట్టుకుంది.

తిరుగు ఓడలో, కడుపులో తిప్పుతున్నా,
కమిషనర్ హెండ్రీ పెన్సిలు అడిగాడు.
ఒక్క గీత.

నివేదిక అచ్చయింది, వెనక బిల్లు జతచేసి.
ప్రభుత్వం పరిశీలిస్తామంది.
పరిశీలించింది,
రెండు ఎన్నికలు, ముగ్గురు మంత్రుల మేర.
మేం మరో పనిలో పడ్డాం:
నాలుగు వాటాల ఇంటికి కప్పు కారితే
బాగుచేయించేదెవరు?
తలుపు తట్టడం వరకే మా వంతు,
తోసుకు వెళ్లే హక్కు లేదు.
ఆ హక్కు లేకపోవడమే మంచిదని
కొన్ని రోజులు అనిపిస్తుంది,
కొన్ని రోజులు అనిపించదు.

ఏడో ఏట ఓ గురువారం
సగం ఖాళీ సభలో, భోజనానికి ముందు,
చర్చ లేకుండా నాలుగో సెక్షన్ గట్టెక్కింది.
ఓస్లాకు ఉత్తరం రాశాను.
కవరు తిరిగొచ్చింది.
దాని మీద పోస్టుమాన్ కాబోలు, నీలం సిరాతో:
"ఆమె ఇక్కడ లేదు. ఇది మాగ్నీ తమ్ముడి ఇల్లు."

ఇప్పుడు చట్టం తెరిస్తే
"మూడేళ్లు కలిసి నివసించిన" అని ఉంటుంది.
ఖాళీ కనపడదు, అచ్చు సర్దుకుంది.
నాకు మాత్రం ఆ రెండు మాటల మధ్య
నూనె రాసిన
ఒక జత బూట్లు.