మూడో అంశం

వచ్చే గురువారం సమావేశం.
ఓర్తా సరస్సు గట్టున, సంఘం మేడ మీది హాల్లో
నలభై రెండు కుర్చీలు వేయాలి నేను.
ముప్పైకి మించి రారు. అయినా వేస్తాను,
మూతపడ్డ కార్ఖానాల వాళ్ళకీ ఒక్కోటి.

ఒకటి: నిరుటి లెక్కలు.
రెండు: ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో స్టాలు అద్దె.
మూడు: సీసం.

మూడు దగ్గర టైపు ఆపాను.
సీసం కలిస్తేనే ఇత్తడి మాట వింటుందనేవాడు నాన్న.
లేత్ కింద రజను పొడిపొడిగా రాలేది.
ఇప్పటి కొత్త ఇత్తడి తెగి చావదు,
ఎర్మెస్ పనిముట్టు చుట్టూ జడలా మెలిపడి
గంటకోసారి మిషన్ ఆపిస్తుంది.
"గుక్కెడు నీళ్ళకి ఇన్ని తిప్పలా, దెల్ఫీనా?" అంటాడు.
అతని కూతురు బెనెదెత్తాకి ఇప్పుడు ఏడో నెల.
ఆ సంగతి అతనూ ఎత్తడు, నేనూ ఎత్తను.

ఏటా బల్ల మీద సీసా నీళ్ళే పెట్టేదాన్ని.
కుళాయిలు చేసి బతికే ఊళ్ళో
కొన్న నీళ్ళు.
ఒక్కరికీ వింతనిపించలేదు.

ఈసారి గాజు జగ్గులు కడిగి బోర్లించాను.
మెట్ల కింద నాన్న పోత పోసిన కుళాయి ఉంది,
యాభై ఏళ్ళుగా ఒక్క బొట్టు కారలేదు.
రాత్రంతా దాని గొంతులో నీళ్ళు నిలిచి ఉంటాయి.
గురువారం పొద్దున్నే, కాసేపు వదిలేయకుండా,
ఆ మొదటి ధారే పడతాను.

ఎవరు తాగారో, ఎవరు గ్లాసు పక్కకి జరిపారో
మినిట్స్‌లో రాస్తాను.

మొదటి గ్లాసు నా ముందే ఉంటుంది.
నాన్న చేతి పని.
ఏం రాసుకుంటానో
నాకే తెలీదు.