కార్జంలో తెలుపు

పర్లాకిమిడి. మంగళవారం. రాత్రి నుంచి పస్తు.
బెంచీ మీద అందరూ కడుపుతో ఉన్నవాళ్లే,
వాళ్ల మధ్య నేనొక్కణ్ణి, కడుపున్న మగవాణ్ణి.
ఆడో మగో ఇక్కడ చెప్పబడదని
గోడ మీద బోర్డు రెండు లిపుల్లో.
పక్కనున్న పిల్ల నా పొట్ట వైపు చూసి
కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.
నవ్వనీ. నేనూ నవ్వాను.

"లింగరాజు కింతలి!"
ఇంటిపేరు తోకకి కట్టి పిలిచారు.

లోపల చీకటి. చల్లటి జిగురు.
సబ్బుబిళ్లంత యంత్రాన్ని పక్కటెముకల కింద నొక్కి
డాక్టరమ్మ సస్మితా పాఢి ఒడియాలో అంది:
ఊపిరి పీల్చు, పట్టు.
పట్టాను.
నలభై ఏళ్లుగా అలవాటే,
కొమ్ములోంచి కొంగ మెడ తీసేటప్పుడు
గాలి వదిలితే ఆకురాయి జారుతుంది.

తెర నా వైపు తిప్పింది.
బూడిదరంగు వాన.
"ఇది కిడ్నీ. దాని పక్కన లివర్.
రెండూ ఇంచుమించు ఒకే నీడలో ఉండాలి.
నీ లివర్ చూడు, ఎంత తెల్లగా మెరుస్తోందో."

మెరుపంటే గర్వపడే వృత్తి నాది, అమ్మా.
దున్నకొమ్ముని గాజుపెంకుతో గీకి
బొగ్గుపొడితో రుద్ది, అరచేత్తో తోమి
మొహం కనబడేదాకా నిద్రపోని ఇల్లు మాది.
ఇక్కడ మెరిస్తే జబ్బట.

"కొవ్వు. రెండో గ్రేడు.
శబ్దం లోతుకి పోలేక పైపైనే చెదిరిపోతోంది.
అదిగో, అట్టడుగు గీత మసకేసింది."
కొమ్ముని దీపానికి అడ్డం పెట్టి
ఎక్కడ పొర, ఎక్కడ దాగిన పగులు
అని మా అయ్య చూపించినట్టే చూపించింది.
ఆయన వెలుతురుతో చూసేవాడు.
ఈమె చప్పుడుతో,
నా చెవికి అందని చప్పుడుతో.

"తాగుతావా?"
అందరూ అడిగేదే.
కల్లు వాసన కూడా పడదు నాకు.
కూర్చున్న పని.
కొట్టు పక్కనే పకోడీ బాణలి.
మధ్యాహ్నం అన్నం మీద అన్నం,
టీలు ఎన్నని లెక్కపెట్టలేదు, చక్కెర అసలే లెక్కపెట్టలేదు.
సెగకి మెత్తబడాలని కొమ్ముకి నూనె పట్టిస్తూ
కొమ్ముకే పట్టిస్తున్నాననుకున్నాను.

"పోతుందా?"
"ఇప్పుడే మొదలెడితే. నడిస్తే. బరువు తగ్గితే."

ఎక్కువ గీకిన రెక్క మళ్లీ మొలవదు,
ఏ జిగురూ దాన్ని అతకదు.
నా ఒంట్లో మాత్రం ఒకటుందట,
వచ్చిన దారినే వెనక్కి పోగలిగేది.
నమ్మాలో వద్దో తెలియక
గుడ్డముక్కతో పొట్ట తుడుచుకున్నాను.

రిపోర్టు ఇంగ్లీషులో. రసీదు ఒడియాలో.
దిగులు మాత్రం తెలుగులోనే ఉంది.

బయట ఛెనాపొడొ బండి, మాడిన చక్కెర వాసన.
ఎంతని అడిగాను. చెప్పాడు.
వాడు ఈగలు తోలుతుంటే కాసేపు నిలబడ్డాను.
తర్వాత ఆటో ఎక్కకుండా
మహేంద్రతనయ వైపు నడక మొదలెట్టాను,
చొక్కా పొట్టకి అతుక్కుంటూ,
అడుగడుక్కీ వీడుతూ.