వెల్లకిల

చెరువుగట్టు జాతరల
అట్టతోటి కోసిన విమానం వెనక
మా నాయిన నన్ను నిలబెట్టిండు.
రెక్క మీది నీలం రంగు ఇంకా ఆరలె, చేతికంటింది.
ఫోటోల నేను నవ్వుతలేను.
"ఇది ఎప్పుడు లేస్తది?" అని అడుగుతున్న.
నోరు తెరిచే ఉంది, చూడున్రి.

అప్పటికి నా మెడ తిరిగేది.

మర్రిగూడ బోరింగు నీళ్ళు
మెల్లమెల్లగ ఎముకల్ల సున్నం పోసినయి.
పండ్లు పసుపెక్కినయి, మోకాళ్ళు అలిగినయి,
ముప్పై అయిదేండ్లకు మెడ
తుప్పు పట్టిన నట్టు లెక్క బిగుసుకపోయింది.
నేలంత నాకే మిగిలింది.
మొగులొక్కటే దూరమయింది.

ఆండాలు నులకమంచం డాబా మీదికి ఎక్కిచ్చింది.
"మెడ లేవకుంటే ఏమాయె,
మనిషినే పండబెడుదాం" అన్నది.

చండూరు ముత్తిలింగం సగం ధరకిచ్చిన కెమెరా,
రీలుకు ముప్పై ఆరు, అండ్ల పది పొగమంచే.
గంగాళాలు కొట్టి కొట్టి చెయ్యి వణుకుతది,
వెన్ను మాత్రం వణకది.
జనం పైసలు పెట్టి స్టాండు కొంటరు,
నాకు ఊరి నీళ్ళే చేసిచ్చినయి.

కిరాణం పద్దు బుక్కుల రాస్తా.
జమ: పొద్దున ఆరుంబావు, తోక ఎర్రది, చక్రాలు ఇంకా దించలె.
జమ: పంకలది, చిన్నది, ఎదురుగాలికి ఊగింది.
బాకీ: మబ్బు.
బాకీ: బర్రె ఈనింది, కిందికి దిగిన.
బాకీ: ఆండాలు చాయ్ తెచ్చింది, ఆమె దిక్కు చూసిన.

చెల్లె బిడ్డ సుకన్య
శంషాబాదుల సామాన్లు తూకమేస్తది.
"మామా, ఒక్కపారి ఎక్కరాదు, టికెట్ నేను పెడ్త" అంటది.
ఎక్కితె విమానం ఏడ కనబడ్తది బిడ్డా?

కరోనా ఏడు
మొగులు పలక తుడిచినట్టయింది.
బుక్కుల తారీఖులే ఉన్నయి.
అయినా రోజుకొకటి తీసిన, ఉత్త ఆకాశం.
ఒకదాంట్ల గద్ద,
ఒకదాంట్ల ఆరేసిన చీర కొంగు,
ఒకదాంట్ల ఏం లేదు.
గదే మంచిగొచ్చింది. గోడకు పెట్టిన.
చూడొచ్చినోళ్ళు ఇదేందని అడుగుతరు.

ఎండలు ముదిరిన ఒక పగటీలి
కన్నుకంటె ముందు చెవి లేచింది.
నాంపల్లి దిక్కుకెల్లి, సన్నగ,
ఎవరో ఇత్తడి పళ్ళెం అంచు
గోటితోటి మీటినట్టు.
కెమెరా కండ్లకాడికి తెచ్చిన.
వెల్లకిల పన్నోని కన్నీళ్ళు
చెంపల మీద జారయి,
చెవులల్లకు పోతయి.
ఆ చప్పుడు నీళ్ళ అడుగున ఇనొచ్చింది,
బాయిల మునిగినప్పుడు
గట్టు మీది మాటలు ఇనొచ్చినట్టు.
వేలు మీట మీదనే ఉంది.
తెల్లగ, పెద్దగ,
నా మీదికెల్లే పోయింది.

ఆండాలు బుక్కు తెరిచింది.
"జమనా, బాకీనా?"

జమ అన్న.

ఫోటో ఏదని అడగలె.
మంచం నీడకు జరిపింది.