అకుశల్

సిరొంచ బస్టాండు ఎదురుగా నా జిరాక్స్ షాపు.
తెలుగులో చెప్పుకుంటారు, మరాఠీలో టైపు చేస్తాను.
పేజీకి ఇరవై.

నిన్న పొద్దుగూకే వేళ
దవాఖాన ఆయాలు ఏడుగురొచ్చారు.
ముందు నిలబడ్డది జాడి పోచుబాయి.
చేతిలో రెండు జీతం చీటీలు:
ఒకటి తనది,
ఒకటి సిలిండర్ల గది కాపలా వామన్‌ది.
అడిగితే అతనే ఇచ్చాడట.

తేడా నాలుగు వేల రెండొందలు.
"ఆ సిలిండర్లు నడిరాత్రి లేచి
నీళ్ళడగవు గదా బిడ్డా."

వామన్ చీటీ మీద అర్ధకుశల్.
ఆమె చీటీ మీద అకుశల్.
"అంటే?" అంది.

పని రానిదని చెప్పాలి నేను.
మా నాయనకు పక్షవాతం వచ్చిన నెల
మంచం మీద పక్క తిప్పడం
ఇంట్లో ఒక్కరికీ రాలేదు.
ఈమే వచ్చి తిప్పేది.
ఒక్క పుండు లేకుండా పోయాడు మా నాయన.

మన దగ్గర కుశలమంటే బాగుండటం,
వాళ్ళ కాగితంలో పని తెలిసుండటం,
అని నసిగాను.
నవ్వింది.
"అయితే నిజమే రాసిండ్రు.
పదిహేడేండ్ల సంది ఈ నడుము
ఒక్కనాడు మంచిగ లేదు."

పని వివరాలన్న చోట రెండే గీతలు.
"ఊడుసుడు, కడుగుడు, మోసుడు. గంతే."
"గంతేనా?" వెనకనుంచి లక్కుబాయి గొంతు.
"మొన్న ఇంద్రావతి అవతలనుంచొచ్చిన మాడియా పిల్ల,
దాని మాట ఎవ్వరికీ తెల్వదు,
నొప్పులకు కొరుకుతాంటే చెయ్యి ఎవరిచ్చిండ్రు?"
పోచుబాయి మణికట్టు కొంగు కిందికి జరుపుకుంది.
"అది పని కాదే."
"పనే. రాయి కొడుకా."

మరాఠీలో ఏమనాలో తెలియలేదు.
తెలుగులోనూ తెలియలేదు.

ఇంతలో ఆమె ఫోను మోగింది.
ఒక గంట వార్డు చూస్తానని ఉన్న వామన్.
ఏడో నంబరు మంచం ముసలాయన జారిపోతున్నాడు,
ఎట్లా పట్టాలి?

"నడుము కింద ఒక చెయ్యి పెట్టు.
మోకాళ్ళ కింద ఇంకోటి.
గుంజకు. ముందు పేరు పెట్టి పిలువు,
భయపడితే బిగుసుకుంటడు.
ఆయన ఊపిరి వదిలినప్పుడు,
అప్పుడే, తిప్పు."

వేళ్ళు వాటంతటవే కదిలాయి.
గుంజకు, పేరు పెట్టి పిలువు, ఊపిరి వదిలినప్పుడు,
అన్నీ టైపు చేశాను.
గీతలు చాలక ఇంకో కాగితం జతపరిచాను.

ఏడు సంతకాలు. మూడు మరాఠీలో,
నాలుగు తెలుగులో, ఒకటి తలకిందులుగా.
గడ్చిరోలి లేబర్ ఆఫీసుకు రెండొందల కిలోమీటర్లు.
పొద్దున బస్సు ఆరింటికి,
ఆమె నైటు డ్యూటీ దిగేది ఎనిమిదింటికి.
ఎవరు పోతారన్నది ఇంకా తేలలేదు.

మూడు పేజీలు, అరవై.
వద్దన్నాను.
కొంగుముడి విప్పి
నోట్లు బల్ల మీద చదునుగా పరిచింది.
"తీసుకో. పని చేసినవ్ గదా."