ఫొటో అంచున ఒక భుజం

వైదోతస్ ఆడింది పద్నాలుగు సీజన్లు.
తొమ్మిది జట్లు, మూడు దేశాలు,
ఒకే ఒక్క జత మోకాళ్ళు.

ఇప్పుడు ఉతెనా ఊళ్ళో
బల్లలూ బీరువాలూ అమ్మే గోదాములో పని.
నిచ్చెన కనబడకపోతే అక్కడెవరూ కంగారు పడరు.
పై అంతస్తు ముసలావిడ గెనొవైతె
బల్బు మాడితే అతని తలుపే తడుతుంది.
పనయ్యాక ఊరబెట్టిన పుట్టగొడుగుల సీసా చేతిలో పెడుతుంది.
"నా సంపాదనలో కోతల్లేనిది ఇదొక్కటే" అంటాడు.

మైదానంలో అతని పనేమిటో చెబితే నవ్వొస్తుంది:
నిలబడటం.
నేను బంతితో దూసుకొస్తుంటే
నన్ను తరిమేవాడి దారిలో
కాళ్ళు పాతుకుని, చేతులు గుండెకు కట్టుకుని
ఊరికే నిలబడటం.
వాడొచ్చి గుద్దుకుంటాడు. పక్కటెముకలు పలుకుతాయి.
ఆ అర సెకను సందులోంచి నేను జారిపోతాను,
బంతి వల్లో పడుతుంది,
హాలంతా నా పేరు అరుస్తుంది.

స్కోరు పుస్తకంలో దానికి గడి లేదు.
పాయింట్లకుంది, రీబౌండ్లకుంది,
ఆఖరికి ఫౌళ్ళకు కూడా ఉంది.
ఆ ఒక్క గడినీ మాత్రం అతనెప్పుడూ ఖాళీగా వదల్లేదు.

క్లైపెదా నుంచి తిరిగొస్తున్న రాత్రి బస్సులో
గడ్డకట్టిన బఠానీల సంచి పక్కకు ఆనించుకుని
పేకాడుతూనే ఉన్నాడు.
"కుర్రాడు గట్టివాడు" అన్నాడు
తనను గుద్దినవాడి గురించి,
పెళ్ళికొడుకును మెచ్చుకున్నట్టు.

పోలండు జట్టు అతన్ని ఫోన్లోనే తీసేసింది.
అప్పుడు బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడట.
ఫోన్ పెట్టేసి, మిగతావీ తీశాడట.
ఆఖరి ఆటకు వీడ్కోలు లేదు;
అది ఆఖరిదని
ఎవరికీ తెలియదు, అతనికీ తెలియదు.

మా ఇంటి గోడ మీద పదకొండు ఫొటోలు.
అన్నిట్లోనూ గాల్లో నేను.
"ఈ భుజం ఎవరిది నాన్నా?" అంది ఉగ్నె ఒకరోజు.
వెతికితే ఏడింట్లో అదే భుజం, అంచున.
ఎనిమిదో దాంట్లోనూ ఉండాలి.
ఫ్రేము కట్టినవాడు కత్తిరించేశాడు.
నేనే కత్తిరించమన్నానేమో, గుర్తులేదు.
గుర్తులేదనటం కూడా అబద్ధమేమో.

ఫిబ్రవరిలో ఉతెనా వెళ్ళాను,
చెప్పాల్సిన మాట దారిపొడుగునా నాలుక కింద పెట్టుకుని.

సరస్సు గట్టున నడిచాం.
అతని ఎడమకాలు ప్రతి అడుగుకీ కాస్త ఆలస్యంగా వస్తుంది.
గోదాము కబుర్లు, బల్బుల కబుర్లు,
మంచు పడేది ముందురోజే చెప్పే మోకాలి కబుర్లు.
నా మాట నాలుక కిందే ఉంది.
చెక్కవంతెన దగ్గర వెనక్కి తిరిగాం.
అతను మాట ఆపకుండానే
నా వెనకగా వచ్చి, అటువైపు నుంచి ఇటువైపుకు మారాడు.

చాలా దూరం పోయాక గానీ తెలియలేదు,
నాకు గాలి తగలట్లేదని.